వంగపండు రంగు దారం

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయిన మూడేళ్ళకు. ఇప్పటికీ ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో చేతికి వెంటనే తోచదు. డిటెక్టివ్ కథకు పరుగు కావాలి, నా పెన్ను మాత్రం మెల్లగా నడుస్తుంది. ఈ ఒక్క అధ్యాయానికి రెండు నెలలు పట్టింది. తప్పులు కనబడితే దిద్దుకుని చదవండి. నా మీద కోపం వస్తే వచ్చింది గానీ, కథ మధ్యలో వదలకండి.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. భాగ్యలక్ష్మి అదే ప్రశ్న ఐదోసారి అడిగింది.

“ఆదివారం నాడు సాయిలు అన్నం ఎన్నింటికి తిన్నడు?”

“చెప్పిన గదక్కా. పన్నెండున్నరకు.”

“వాంతులు ఎప్పుడు షురూ అయినయ్?”

“ఒకటింబావుకు.”

“నడుమ ఏమైంది?”

“ఏమైతది? నేను టిఫిన్ డబ్బా తీసుకొని ఇంటికొచ్చిన.”

పద్మ తల ఎత్తలేదు. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీ తంబాకును చెరుగుతోంది. చాట ఆడిస్తే పొడి కిందికి జారి, లావు పుల్లలు పైకి వస్తున్నాయి. వాటిని ఏరి పక్కన పడేస్తోంది. భర్త పోయి మూడో రోజు. బీడీలు చుట్టే చెయ్యి ఖాళీగా ఉండలేక ఆ పని పట్టుకుంది. గడప ముందు నుంచి పోతున్న ఆడవాళ్ళు ఆ చాటను చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పోతున్నారు.

“ఆ చాట పక్కకు పెట్టు పద్మా. చూసేటోళ్ళు ఏమనుకుంటరు?”

“అనుకునేది అనుకున్నరు. ఇంక కొత్తగ ఏమున్నది?”

భాగ్యలక్ష్మి చేతిలోని నోటుబుక్కు మూసి, మళ్ళీ తెరిచింది. ఆమెకు సోలాపూర్ అశోక్ చౌక్‌లో ఒక మందుల దుకాణం పైన ఒంటి గది ఆఫీసు ఉంది. బోర్డు మీద డిటెక్టివ్ అని రాసి ఉంటుంది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు. పిల్లవాడు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇంతకుముందు ఎవరినన్నా చేసుకున్నాడా. పదకొండేళ్ళలో చావు కేసు ఇదే మొదటిది. పద్మ కూతురు దీపాలి చంకలో ఆర్నెల్ల పసిదాన్ని వేసుకుని వచ్చి, “అత్తా, మా అమ్మను తీసుకపోతరంట” అని మెట్ల మీదే కూలబడింది. అప్పటి నుంచి భాగ్యలక్ష్మికి తిండి సయించడం లేదు.

విషయం చిన్నదే. జోడ్‌భావి పేట్‌లో పవర్‌లూమ్ నడిపే సాయిలు ఆదివారం మధ్యాహ్నం మగ్గం దగ్గర వాంతులు చేసుకున్నాడు. రాత్రి ఎనిమిదికి ఆసుపత్రిలో చేర్చారు. బుధవారం తెల్లవారి పోయాడు. ఏదో మొక్క విషంలా ఉందని డాక్టరు రాశాడు. పోలీసులు ఇల్లు వెతికితే అటక మీద అడవినాభి గడ్డ ఒకటి దొరికింది. మరాఠీలో కళలావి అంటారు. దీపాలి కాన్పు కష్టమైతే నూరి అరికాళ్ళకు రాయాలని ఎవరో ముసలామె ఇచ్చిన గడ్డ అది. అవసరం పడలేదు, అక్కడే ఎండిపోయింది. తిన్న మనిషిని చంపే గడ్డ.

దానికి తోడు పోట్లాట. కుంభారి దగ్గర కొత్త కాలనీలో పద్మ పేరు మీద ఇల్లు వచ్చింది, బీడీ కార్మికురాలిగా. పోదామని ఆమె, మగ్గం వదిలి బస్సుల్లో తిరగలేనని ఆయన. శనివారం రాత్రి ఇద్దరూ అరుచుకున్నది గల్లీ అంతా విన్నది. ఆదివారం మధ్యాహ్నం అన్నం డబ్బా మోసుకుపోయింది పద్మే. పోలీసులకు ఇంకేం కావాలి?

భాగ్యలక్ష్మి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో తునికాకు పొట్లాలు, బీడీలాగే మడిచి దారం చుట్టినవి. నాటువైద్యం చేసే కొమురయ్య ఇచ్చే మోకాళ్ళ పొడి. రోజంతా మగ్గం ముందు నిలబడే ఈ గల్లీ మగవాళ్ళలో సగం మంది ఆ పొడి తింటారు. వారానికి ఏడు పొట్లాలు, పొద్దున్నే చాయ్‌తో ఒకటి.

“ఈ ఖాళీ ఆకుకు చిలకపచ్చ దారం, వీటికి వంగపండు రంగు దారం. ఎందుకు?”

“కొమురయ్య కాకా దారం కొనడు. తన గది గోడవతల మగ్గాల కాడ కింద పడ్డ తుక్కు దారం ఏరుకొస్తడు. పోయిన వారం ఆ మగ్గాల మీద పచ్చ చద్దర్లు నడిచినయ్. శనివారం పొద్దుగాల వంగపండువి ఎక్కించిండ్రు.”

“అంటే పచ్చ దారంవి శుక్రవారం లోపలివి. ఇవి శనివారం తర్వాతవి.”

“ఔ. శనివారం పొద్దుమీకి పని దిగినంక తెచ్చుకున్నడు. ఆదివారం ఆరున్నరకు మొదటిది వేసుకొని పనికి పోయిండు.”

ఆరున్నరకు పొడి, ఒకటింబావుకు వాంతులు. దాదాపు ఏడు గంటలు. పన్నెండున్నరకు అన్నం, ముప్పావు గంటకు వాంతులు. అడవినాభి విషం ముప్పావు గంటలో బయటపడదు, గంటలు పడుతుంది. ఆ సంగతి ఆసుపత్రి డాక్టరే చెప్పాడు. కానీ కాగితం మీద రాయమంటే, “పుణె ల్యాబ్ రిపోర్టు రాని” అన్నాడు. ఆ రిపోర్టుకు నెలన్నర అంట.

గడపలో బూట్ల చప్పుడైంది. ఒక బూటు నేల మీద ఈడుస్తోంది.

“ఏం డిటెక్టివ్ బాయి, ఈడ ఏమన్న సంబంధం కుదిరిందా?”

ఎస్సై తుషార్. అమ్మా అన్నట్టు ఆడవాళ్ళను బాయి అనే మరాఠీ ఇంటి పిల్లవాడే గానీ తెలుగు గల్లీల్లో పుట్టి పెరిగాడు. తిట్టాలంటే తెలుగులోనే తిడతాడని పేరు.

“మీకే చూస్తున్న సాబ్” అంది భాగ్యలక్ష్మి. “పిల్ల తరఫోళ్ళు, పిలగాడు కాలు ఎందుకు ఈడుస్తున్నడని అడుగుతున్నరు.”

తుషార్ మొహం ముడుచుకుంది. ఎడమ కాలు సరిగ్గా నిలబెట్టాడు. “స్టేషన్ మెట్ల మీద జారిన. అది ఇడిసిపెట్టు. ఐదింటికి లేడీ కానిస్టేబుల్‌ను తీసుకొని వస్త. పొద్దు మునిగినంక ఆడమనిషిని తీసుకపోవద్దు గద. బట్టలు సర్దుకోమను.”

“ఈ పొట్లాలు జర చూడుండ్రి సాబ్. రెండు రోజుల సంది చెప్తున్న.”

“ఆ పొడిల ఏం లేదు. మంచిదే.”

“మీకెట్ల తెలుసు?”

“తెలుసంటే తెలుసు. గల్లీ అంతా తింటున్నది. అందరు సచ్చిండ్రా? ఒక్కడే సచ్చిండు. వాని ఇంట్లనే గడ్డ దొరికింది. వాని పెండ్లామే డబ్బా మోసింది. గిది నువ్వు తిప్పి తిప్పి ఎట్ల చూసినా గిదే.” పద్మ ఒళ్ళోని చాట మీద అతని చూపు పడింది. “మొగడు పోయి మూడొద్దులు గాలె, బీడీల పని. ఇది గూడ రాసుకుంట.”

పోబోతూ ఆగి, కుండ మీది చెంబు ముంచుకుని గటగటా తాగాడు. మళ్ళీ ముంచుకుని తాగాడు. మూతి తుడుచుకుని కాలు ఈడ్చుకుంటూ పోయాడు.

*

రెండూ నలభైకి ఫోన్ మోగింది. మయూరి. ఈ గల్లీలోనే జకార్డ్ మగ్గం నేసిన వాళ్ళ బిడ్డ. ఇప్పుడు యూనివర్సిటీలో మొక్కల మందుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. బుధవారం రాత్రి భాగ్యలక్ష్మి ఆమెకు వంగపండు పొట్లం ఒకటి అందజేసింది.

“అత్తా, పేరు దొరికింది. కోల్చిసిన్.”

“అంటే?”

“అడవినాభి గడ్డల ఉండేది అదే.”

భాగ్యలక్ష్మి కొమురయ్య గది ముందు అరుగు మీద కూర్చుని ఉంది. అరగంట నుంచి తాళం చూస్తూ కూర్చుంది. ఆ మాటతో లేచి నిలబడింది.

“ఇంక ఏమన్న మంచి ముచ్చట చెప్తవా మయూరి? గడ్డ పద్మ ఇంట్లనే దొరికింది. ఆమెనే పొట్లం విప్పి గడ్డ నూరి పోసిందంటడు ఆ ఎస్సై. నువ్వు నాకు సాయం చేస్తున్నవా, వానికా?”

“నేనేం చేయాలె అత్తా? ఉన్నది చెప్తున్న. ఇంక అయిపోలె, జర ఆగు. ఆ పొడిల పెద్ద పెద్ద పలుకులున్నయ్, కలకండ లెక్క. మంచి పలుకు ఒకటి ఏరి ఎక్స్‌రే మిషన్ల పెట్టిన. నాలుగింటికి అయితది.”

“పేరు తెలిసినంక ఇంక మిషనెందుకు?”

“పేరు వేరు, నేత వేరు. మగ్గం మీద చద్దరు చూస్తవు గద. ఒకటే డిజైన్ మళ్ళ మళ్ళ వస్తది. పలుకు లోపల గూడ గట్లనే, కంటికి కనబడని బుటీలు వరుసగ కూసుంటయ్. ఎక్స్‌రే కొడితే ఆ వరుస తెలుస్తది. ఒకటే దారంతోని రెండు మగ్గాల మీద రెండు తీర్ల నేయొచ్చు గద. ఏ మగ్గం మీద నేసిండ్రో నేను చెప్త.”

“చెప్పు. కానీ ఐదు లోపల చెప్పు. ఆ తర్వాత చెప్తే ఎవలికి పని?”

ఫోన్ పెట్టేసి మళ్ళీ తాళం వైపు చూసింది. సోమవారం నుంచి కొమురయ్య తలుపు తెరవలేదు. ఇంట్లో అడిగితే గుడికి పోయాడన్నారు, గుడిలో అడిగితే ఇంటికి పోయాడన్నారు. మూడుంబావుకు సందు చివర తెల్ల టోపీ కనబడింది. ఆమెను చూసి వెనక్కి తిరగబోయింది.

“కొమురయ్య కాకా, మీ మోకాళ్ళు మంచిగనే ఉరుకుతున్నయే” అని కేకేసింది.

కొమురయ్యకు డెబ్భై దాటాయి. ఒకప్పుడు చేనేత. తర్వాత వేళ్ళు, ఆకులు, పొడులు. ఏం చేయలేక తాళం తీశాడు.

లోపల చాప, ఒక రోలు, గోడకు దేవుని పటాలు. గోడవతల పన్నెండు మగ్గాలు కొడుతున్నాయి. మాట వినబడాలంటే అరవాలి. గోడకు కొట్టిన మేకుకు వంగపండు రంగు దారం ఉండలా చుట్టి ఉంది. దాని పక్కన కొత్త చెక్క అర. దాని మేకుల చుట్టూ సిమెంటు ఇంకా నల్లగా ఉంది. అర మీద మూత పెట్టిన పెద్ద రేకు డబ్బా.

“ఈ అర ఎప్పుడు కొట్టించినవ్ కాకా?”

“శుక్రవారం. కింద ఎలుకలు డబ్బా కొరుకుతున్నయని.”

“అంతకుముందు డబ్బా ఏడుండె?”

“ఆ మూలకు. నేల మీద, బస్తా కింద.”

“ఏమేం కలుపుతవ్ ఇందుల?”

“శొంఠి, పిప్పళ్ళు, మెంతులు. తాతల నాటి సంది.”

“ఇంకా?”

“గంతే.”

“గంతేనా?”

“గంతే అన్న గద బాయి.”

భాగ్యలక్ష్మి డబ్బా మూత తీసి ఫోన్ లైటు వేసింది. పొడి పైభాగమంతా తళతళలాడింది. లేత పసుపు పలుకులు, కొన్ని పెసర గింజంత.

“మెంతులు గిట్ల మెరుస్తయా?”

కొమురయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మగ్గాలు కొడుతూనే ఉన్నాయి.

“నాభి ఉప్పు.”

“అంటే?”

“మా అన్న కొడుకు సంతోష్ లేడా, వాడు మందుల ఫ్యాక్టరీల పని చేస్తడు. ఆడ అడవినాభి గింజలకెల్లి సత్తు తీస్తరు. కింద రాలిన పలుకులు తెచ్చిచ్చిండు. వాతానికి ఇంగ్లీషు డాక్టర్లు ఇచ్చేది గూడ ఇదేనన్నడు. డబ్బకు జరంత కలిపిన. యాడాది సంది కలుపుతున్న, ఒక్కనికన్న ఏమన్న అయిందా? మంచిగ నడుస్తున్నరు. చెట్టుల పుట్టిందే గద బాయి. విషమెందుకైతది?”

“ఒక మనిషి సచ్చిండు కాకా.”

“వాని పెండ్లాం ఏమన్న పెట్టిందో ఏమో, నాకేం ఎరుక?”

భాగ్యలక్ష్మికి గొంతు దాకా తిట్టు వచ్చింది, మింగింది. పొడవాటి గరిట తీసుకుని డబ్బా అడుగు దాకా దించి, అడుగు పొడి పైకి తీసి అరచేతిలో పోసుకుంది. లైటు వేసింది. ఒట్టి శొంఠి పిండి. ఒక్క మెరుపు లేదు. మళ్ళీ మధ్యలోంచి తీసింది. అక్కడా లేదు. పైనుంచి తీస్తే మాత్రం చేతినిండా పలుకులే.

“మంచిగ కలిపినవా?”

“అర్ధ గంట కలిపిన. కలపకుంట ఎట్లుంట?”

“మరి అన్ని పైకి ఎట్లొచ్చినయ్?”

అడిగిన ప్రశ్న గాల్లో ఉండగానే ఆమె చూపు అర మీద నిలిచింది. చెక్క మీది దుమ్ము గంతులేస్తోంది. మగ్గం కొట్టినప్పుడల్లా గోడ అదురుతోంది, గోడతో అర, అరతో డబ్బా. పొద్దుట్నుంచి రాత్రి దాకా. భాగ్యలక్ష్మికి పద్మ చాట గుర్తొచ్చింది. ఆడిస్తే పొడి కిందికి జారింది, లావు పుల్లలు పైకి వచ్చాయి. ఆ గడపలో గంటసేపు కూర్చుని చూసి కూడా తట్టలేదు.

“కాకా, నువ్వు శుక్రవారం కలిపి అర మీద పెట్టినవ్. శనివారమంతా మగ్గాలు నడిచినయ్. శనివారం పొద్దుమీకి పైనుంచి తీసి పొట్లాలు కట్టినవ్. డబ్బ మొత్తంల ఉండాల్సింది ఆ కొన్ని పొట్లాలల్ల పడ్డది.”

కొమురయ్య గోడ వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. యాభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషికి అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. టోపీ ఒళ్ళోంచి జారిపోయింది.

“ఆ మూలకు ఉన్నప్పుడు ఏం కాలేదు” అన్నాడు నెమ్మదిగా. “మూలకే ఉండనీయవలసింది.”

“శనివారం సాయిలుకు ఏడు ఇచ్చినవ్. ఇంకెవలికిచ్చినవ్?”

కొమురయ్య కింద పడ్డ టోపీ తీసుకుని దులిపాడు.

“కాకా, అడుగుతున్న.”

“ఇంకొక్కరికి. ఆదివారం సాయిలు సంగతి విన్నంక మళ్ళ డబ్బ ముట్టలే.”

“ఎవలు?”

“చెప్పద్దన్నడు.”

“ఎవలు చెప్పద్దన్నడు?”

“తీసుకునేటాయననే. ఆయన కాలునొప్పి సంగతి బయట తెలిస్తే నౌకరీల ఇజ్జత్ పోతదంట. నన్ను ఒట్టు వెయ్యమన్నడు. ఎవలికేం నొప్పి ఉన్నదో నేను చెప్పుకుంట తిరిగితే, రేపు నా గడప ఎవడు తొక్కుతడు బాయి?”

“రేపు నీ గడప తొక్కనీకి మనిషి ఉండాలె గద.”

“శనివారం సంది ఆరొద్దులైంది. ఆయనకేం కాలె. గట్టి మనిషి.” కొమురయ్య మాట తనకే నచ్చనట్టు ఆగాడు. “కాకపోతే పాత పొట్లాలు అయిపోయినంకనే కొత్తవి విప్పుతడు. పచ్చ దారంవి ఇంకా ఉన్నయన్నడు.”

“ఎన్ని?”

“ఏమో. నాలుగో, ఐదో.”

నాలుగో ఐదో అంటే నిన్నటికో మొన్నటికో అయిపోయి ఉంటాయి. భాగ్యలక్ష్మి పేరు అడిగింది, బతిమాలింది, బెదిరించింది. పోలీసును పిలుస్తానంది. పోలీసు మాట వినగానే కొమురయ్య నోరు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. డబ్బా మాత్రం ఆమె చేతిలో పెట్టి, “తీసుకపో, నా కండ్ల ముంగట ఉంచకు” అన్నాడు.

నాలుగూ ఇరవైకి మయూరి ఫోన్ వచ్చింది. మగ్గాల చప్పుడులో వినబడక భాగ్యలక్ష్మి సందులోకి పరిగెత్తింది.

“అత్తా, వరుసల క్లోరోఫారం ఉన్నది.”

“ఏంది?”

“నేసేటప్పుడు బయటి పోగు ఒకటి ఇరికితే చద్దరు అయినంక గూడ కనబడుతది గద? గట్లనే. ఈ పలుకు పుట్టేటప్పుడు క్లోరోఫారంల పుట్టింది. అది ప్రతి బుటీ పక్కన వరుసగ చిక్కుకొని ఉన్నది. తుడిస్తే పోయేది కాదు, నేతల ఉన్నది. ఇంట్ల గడ్డ నూరినోళ్ళకు, నీళ్ళల్ల ఉడికించినోళ్ళకు ఇది రాదు. ఫ్యాక్టరీల తీసిన పలుకు ఇది.”

“ఈ ముక్క కాగితం మీద రాసిస్తవా?”

“రాసి, మా మేడంతోని సంతకం పెట్టించి, ఫోటో తీసి పంపుతున్న. నీకు వచ్చే వరకు ఐదైతది.”

“ఐదు కాదు. ఐదుకు పది నిమిషాలు ముందు.”

*

నాలుగూ నలభై ఎనిమిదికి భాగ్యలక్ష్మి రేకు డబ్బా చంకన పెట్టుకుని పద్మ గడప ఎక్కింది. తుషార్ అప్పటికే వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన లేడీ కానిస్టేబుల్ సోనాలి నిలబడి ఉంది. పద్మ ముందు బట్టల సంచి, మీద మడిచిన శాలువా.

భాగ్యలక్ష్మి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. అర, మగ్గాలు, డబ్బా, పలుకులు, క్లోరోఫారం. ఫోన్లో వచ్చిన కాగితం చూపించింది. తుషార్ చెయ్యి చాపి దాన్ని పక్కకు నెట్టాడు.

“ఈ పిల్ల ఎవరు? సర్కారీ ల్యాబా?”

“యూనివర్సిటీ.”

“పొట్లం ఎవరిచ్చిండ్రు ఆమెకు? పంచనామా ఉన్నదా? సీలు ఉన్నదా? నువ్వు సంచిల ఏసుకొని పోయి ఇచ్చినవ్. రేపు కోర్టుల నువ్వే పోసి ఇచ్చినవంటరు. నాకు తెల్వక కాదు బాయి, నీకు తెల్వక.”

“సరే, నా పొట్లం ఇడిసిపెట్టుండ్రి. డబ్బ ఇగో. సీలు మీరే వేయుండ్రి. కొమురయ్యను మీరే అడుగుండ్రి. ఇంకొక మనిషి కాడ ఇవే పొట్లాలు ఏడున్నయ్ సాబ్. వాడు ఎవడో కొమురయ్య నాకు చెప్తలేడు. మీకు చెప్తడు.”

తుషార్ డబ్బా వైపు చూస్తున్నాడు. మెడ మీద చెమట. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

“నీళ్ళు” అన్నాడు.

పద్మ లేచి చెంబు ఇచ్చింది. తాగాడు. మళ్ళీ చెంబు చాపాడు. మళ్ళీ ముంచి ఇచ్చింది. అది తాగి, గొంతు పట్టుకుని దగ్గి, మూడోసారి చాపాడు. పద్మ ఈసారి చెంబు అందుకోలేదు. అతని గొంతు వైపే చూస్తూ నిలబడిపోయింది.

“అక్కా” అంది. “ఆయన గూడ గిట్లనే.”

“ఏం గిట్లనే?”

“నీళ్ళు. నేను అన్నం తీసుకపోయే వరకే సీసా మొత్తం తాగిండు. గొంతుల మిరపకాయ రాసినట్టున్నది, పదింటి సంది గిట్లనే ఉన్నదన్నడు. అన్నం రెండు బుక్కలే తిన్నడు.”

భాగ్యలక్ష్మి ఒక్క క్షణం పద్మ మొహంలోకి చూసింది. అన్నం తినకముందే విషం లోపల ఉంది. ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఉన్న మాట.

“ఈ ముచ్చట నాకెందుకు చెప్పలే?”

“నువ్వు వాంతులు ఎప్పుడని అడిగినవ్. నీళ్ళ సంగతి ఎవలు అడిగిండ్రు?”

ఐదుసార్లు. ఐదుసార్లూ తప్పు ప్రశ్నే. భాగ్యలక్ష్మికి తలను గోడకు కొట్టుకోవాలనిపించింది. అంతకు వ్యవధి లేదు. తుషార్ లేచి, “చల్, నడువు” అంటూ షర్టు జేబులోంచి అరెస్టు కాగితం లాగాడు. కాగితంతో పాటు ఏదో కింద పడింది.

సోనాలి వంగి తీసింది. తునికాకు పొట్లం. వంగపండు రంగు దారం.

భాగ్యలక్ష్మి ఆ దారం నుంచి తుషార్ కాలు వైపు చూసింది. కాలు ఈడ్చిన ఎస్సై. ఆ పొడి మంచిదే, నాకు తెలుసన్న ఎస్సై. ఒట్టు వేయించుకున్న గట్టి మనిషి.

“ఎప్పుడు వేసుకున్నరు సాబ్?” అంది భాగ్యలక్ష్మి. ఆమె గొంతులో వెటకారం ఇంకిపోయింది.

“పచ్చ దారంవి నిన్నటితోని అయిపోయినయ్.” తుషార్ మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. “ఇయ్యాల పొద్దుగాల. పదింటికి.”

ఆమె గోడ గడియారం చూసింది. ఐదుకు రెండు నిమిషాలు. సాయిలుకు ఆరున్నర నుంచి ఒకటింబావు దాకా పట్టింది. ఈ మనిషికి ఇంక నిమిషాలే.

“సోనాలి, జీపు గల్లీ మొదట్ల పెట్టించు. ఆసుపత్రికి ఫోన్ చేసి కోల్చిసిన్ అని చెప్పు, స్పెల్లింగు ఈ కాగితంల ఉన్నది. సాయిలు అప్పుడు ఏం తిన్నడో మూడొద్దులు వాళ్ళకు తెల్వదు. ఇయ్యాల తెలుసు. లేవుండ్రి సాబ్.”

తుషార్ లేవలేదు. అరెస్టు కాగితం అతని బూటు కింద నలిగి ఉంది. జేబులోంచి మిగిలిన పొట్లాలు తీసి ఒళ్ళో పోసుకున్నాడు. వేలితో ఒక్కొక్కటే జరిపాడు. సోనాలి చేతిలోని దానితో కలిపి ఐదు.

“ఏడు గద ఇచ్చింది” అంది భాగ్యలక్ష్మి. “మీరు రెండు వేసుకున్నరా?”

“ఒకటే.”

“ఇంకోటి?”

అతను పొట్లాల మీదనుంచి చూపు ఎత్తలేదు.

“మా అమ్మకు గూడ మోకాళ్ళే. నేను వేసుకుంటుంటే, నాకు గూడ ఒకటి ఇయ్యిరా అన్నది. చాయ్‌ల కలిపి ఇచ్చిన. నేనే. నా చేతులతోని.”

ఆ మాటకు పద్మ ఉలిక్కిపడింది. మూడు రోజులుగా గల్లీ అంతా, పోలీసులంతా ఆమె గురించి అంటున్న మాట అదే.

తుషార్ ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. అవతల రింగవుతోంది. ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా అని భాగ్యలక్ష్మి అడిగితే, లేరన్నట్టు తల ఊపాడు. రింగు ఆగింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మోగుతోంది.

“ఇల్లు ఏ గల్లీల సాబ్?” అంది పద్మ.

అప్పటికే ఆమె బట్టల సంచి పక్కకు తోసి, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది.

*

బోగ గంగుబాయి
వయసు అరవై ఎనిమిది
పుట్టింది, నేసింది జోడ్‌భావి పేట్‌లో. ఇప్పుడు ఉండేది కుంభారి, రేనగర్ కాలనీ, సోలాపూర్.